ఇంటర్వ్యూకు తయారైన సలాకల మేస్త్రీ

ఎల్లేశ్‌కు నలభై ఆరేళ్ళు. అందులో ఇరవై ఆరేళ్ళు ఇనుముతోనే గడిచిపోయాయి. దేవరుప్పుల పక్క ఊళ్ళో పుట్టి, పెళ్ళయ్యాక జనగామకు మారి, ఇళ్ళకూ బడులకూ నీళ్ళ ట్యాంకులకూ సలాకలు వంచి కట్టే పనిలో కుదురుకున్నాడు. సిమెంటు పోయకముందు పిల్లర్లలో, కప్పుల్లో కనిపించే ఇనుప అల్లిక ఉంటుందే, అది అతని చేతిపని. సిమెంటు పోశాక అదెవరికీ కనపడదు. మనిషి కూడా ఇంచుమించు అంతే. పదకొండు మంది ముఠాకు మేస్త్రీ అయి పదేళ్ళయినా పని దగ్గర అతని గొంతు విన్నవాళ్ళు తక్కువ. సలాక కాస్త వంకరగా ఉంటే ఒకసారి దగ్గుతాడు. బాగా వంకరగా ఉంటే రెండుసార్లు. మూడోసారి కూడా దగ్గాడంటే కట్టిందంతా విప్పాలని ముఠాలో అందరికీ తెలుసు.

అలాంటి మనిషికి ఇంటర్వ్యూ వచ్చింది.

జూన్ మొదటి వారంలో, వెనకెప్పుడో కలిసి పనిచేసిన ఒక సూపర్‌వైజర్ ఫోన్ చేసి చెప్పాడు. భూపాలపల్లి ఊరి చివర ఒక కంపెనీ ఉద్యోగుల కోసం పెద్ద పెద్ద బ్లాకులు కడుతోంది. సలాకల పనంతా చూసుకునే లీడ్ ఒకడు కావాలి. నలభై మందికి పైగా కూలీలను అతనే చూసుకోవాలి, నెలజీతం, పద్నాలుగో తారీఖున ఇంటర్వ్యూ. ఎల్లేశ్ అలవాటుగా చూద్దాం అన్నాడు. ఆ మాటకు వద్దు అని అర్థమని ఇరవై రెండేళ్ళుగా కాపురం చేస్తున్న కనకలక్ష్మికి తెలుసు. ఆమె కుట్టుమిషన్ ఆపి, ఫోన్ అందుకుని, వస్తాడని చెప్పేసింది. లీడ్ అయితే పొద్దంతా నిచ్చెనలెక్కే పని ఉండదు. తమ ఇంటి పది మెట్లెక్కడానికే ఈ మధ్య మొగుడు రెండుచోట్ల ఆగుతున్నాడు. ఆగినప్పుడల్లా ఏదో ఆలోచిస్తున్నట్టు గోడను చూస్తాడు గానీ, ఆ గోడలో ఆలోచించాల్సిందేమీ లేదని ఆమెకు తెలుసు.

ఎల్లేశ్ జీవితంలో ఎప్పుడూ ఇంటర్వ్యూకు పోలేదు. రేపు రా అంటే పోవడం, అంతవరకే తెలుసు. అందుకని శిక్షణ ఇచ్చే బాధ్యత అరుణ్ తీసుకున్నాడు. అరుణ్ కనకలక్ష్మి తమ్ముడు, జనగామలోనే ఒక బీమా ఆఫీసులో పనిచేస్తాడు. ఇప్పటికి పంతొమ్మిది ఇంటర్వ్యూలకు పోయి ఒకదాంట్లో నెగ్గాడు. ఆ లెక్కన మిగతా పద్దెనిమిది కూడా అనుభవమేనని అతని వాదన. పైగా బావకు పాఠం చెప్పే అవకాశం బామ్మర్దికి జీవితంలో ఎన్నిసార్లు వస్తుంది?

శిక్షణ ఆదివారం పొద్దున మొదలైంది. అరుణ్ మంచం మీద దిండు ఆనుకుని ఆఫీసరై కూర్చున్నాడు. ఎల్లేశ్‌ను బయటికి పంపి, తలుపు కొట్టి రమ్మన్నాడు. సొంతింటి తలుపు కొట్టడానికి ఎల్లేశ్‌కు సిగ్గేసింది. ఎదురింటివాళ్ళు చూడట్లేదని నిర్ధారించుకుని రెండు వేళ్ళతో తట్టి లోపలికొచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో అంచు మీద కూర్చున్నాడు.

"మీ గురించి చెప్పండి" అన్నాడు అరుణ్, గొంతు మార్చి.

"నీకు తెల్వదా ఏంది?"

"నేను అరుణ్‌ను కాదు బావా. నేను ఆఫీసర్‌ను."

ఎల్లేశ్ బామ్మర్దిని ఎగాదిగా చూసి, ఆఫీసరన్నాక లుంగీ మార్చుకోవాల్సింది అన్నాడు. మిషన్ దగ్గర కనకలక్ష్మి దారం తెగినట్టు తల వంచుకుంది. భుజాలు మాత్రం కదిలాయి.

అసలు చిక్కు తర్వాత బయటపడింది. ఏం పనులు చేశావని అడిగితే ఎల్లేశ్ మానుకోటల బడి కట్టినం, మరిపెడల ట్యాంకు కట్టినం అని చెప్పుకుపోతున్నాడు. అరుణ్ ఆపాడు. కట్టినం కాదు, కట్టిన అనాలి. కంపెనీవాళ్ళకు కావాల్సింది నువ్వు, ఊరంతా కాదు. ఎల్లేశ్ సరేనని తలూపి, గొంతు సవరించుకుని, మళ్ళీ మొదలుపెట్టి, మరిపెడల ట్యాంకు నేను కట్టి... అని అక్కడ ఆగిపోయాడు. ట్యాంకు ఎత్తు గుర్తొచ్చింది. అంత ఎత్తుకు సలాకలు అందించినవాళ్ళు గుర్తొచ్చారు. ఒక్కడే ఎట్ల కడ్తడురా అని అరుణ్‌నే అడిగాడు. గంటసేపు కుస్తీ పట్టినా అతని నోట నేను అనే మాట పని పక్కన నిలబడలేదు.

రెండో చిక్కు భాష. కంపెనీలో పెద్ద ఆఫీసరు గోదావరి జిల్లాల మనిషని అరుణ్ ఎక్కడో విన్నాడు. మన మాట వాళ్ళకు మోటుగా వినపడుతుందనీ, చేశాను, వచ్చాను, అలాగేనండి అనాలనీ, ప్రతి పేరుకూ గారు తగిలించాలనీ చెప్పాడు. తనే నాలుగు వాక్యాలు పలికి చూపించాడు. కనకలక్ష్మి మిషన్ ఆపకుండానే అన్నది: "తమ్మీ, నువ్వు మాట్లాడుతుంటే సీరియల్ల మేనత్త మాట్లాడినట్టున్నది. ఆయనకు గది నేర్పకు."

మూడోది మరీ ఘోరం. నీ బలహీనత ఏమిటి అని అడుగుతారట. దానికి, నేను అవసరానికి మించి కష్టపడతాను, అదే నా బలహీనత అనాలట. ఎల్లేశ్ ఆ వాక్యాన్ని రెండుసార్లు మనసులో తిప్పి చూసుకున్నాడు. ఇది తప్పు ఒప్పుకోవడమా, గొప్ప చెప్పుకోవడమా అని అడిగాడు. రెండూనని అరుణ్ సంబరంగా చెప్పాడు. అంత సన్నటి పని తనవల్ల కాదని ఎల్లేశ్ లేచి బర్రెపాలు తేవడానికి పోయాడు.

సోమవారం అరుణ్ బయోడేటా తయారుచేసి తెచ్చాడు. అందులో ఎల్లేశ్ ఐదు వందల భవనాలు కట్టినట్టు ఉంది. ఎల్లేశ్ ఒప్పుకోలేదు. గోడకున్న క్యాలెండర్ తీసి, వెనక తెల్లవైపు, గుర్తున్న పనులన్నీ రాసుకుంటూ పోయాడు. రెండు సాయంత్రాలు కూర్చుంటే నూట నలభై మూడు తేలాయి. నూట యాభై అని రాసుకుందామని అరుణ్ బతిమాలాడు. ఏడు ఇండ్లు ఏడ తేవాల్రా అన్నాడు ఎల్లేశ్.

లెక్క సరే, రుజువు ఏది? ఒక్క సర్టిఫికెట్ లేదు. పని చేయించుకున్నవాళ్ళతో రెండు మూడు కాగితాల మీద రాయించుకొస్తే బాగుంటుందని అరుణ్ సలహా. అందులో మాత్రం ఎల్లేశ్‌కు తప్పు కనపడలేదు. బుధవారం పొద్దున బండి తీసి బయలుదేరాడు.

మొదట జనగామలోనే ఒక ఫంక్షన్ హాలుకు పోయాడు. ఆ హాలు కప్పు అతను కట్టిన వాటిలో అన్నిటికన్నా వెడల్పు. నడుమ ఒక్క పిల్లర్ లేకుండా వెయ్యి మంది కూర్చుంటారు. యజమాని ఎదురొచ్చి, నవ్వి, పెళ్ళి ఎప్పుడని అడిగి డైరీ తెరిచాడు. పెళ్ళి కాదనీ, ఈ హాలు సలాకల పని చేసింది తానేననీ ఎల్లేశ్ చెప్పుకున్నాడు. యజమానికి హైదరాబాద్ నుంచి వచ్చి దీపాల గుత్తి బిగించినాయన గుర్తున్నాడు. రాజస్థాన్ రాయి పరిచినవాళ్ళు గుర్తున్నారు. రంగులు వేసినాయన కూతురు పేరు కూడా గుర్తుంది. అతను తలెత్తి కప్పును మొత్తం ఒకసారి చూసి, "ఇందుల సలాకలున్నయా?" అన్నాడు. ఉన్నాయని ఎల్లేశ్ నెమ్మదిగా చెప్పాడు. ఆ తర్వాత యజమాని మర్యాదగానే కాగితం రాసిచ్చాడు. కాకపోతే దాంట్లో ఎల్లేశ్ పేరు పక్కన విద్యుత్ అలంకరణ అని పడింది.

మరిపెడలో నీళ్ళ ట్యాంకు దగ్గర రాసిచ్చేవాళ్ళెవరూ లేరు. ఫొటో తీసుకుందామని చూస్తే, కాపలాదారు వచ్చి ఎందుకు తీస్తున్నావని అడిగాడు. నేనే కట్టిన అని చెప్పాడు ఎల్లేశ్. చెప్పాక గానీ తానేమన్నాడో తెలియలేదు. మూడు రోజులుగా ఇంట్లో రాని మాట, అవసరం లేనిచోట, అదీ ఒక కాపలాదారు ముందు వచ్చేసింది. ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసుకుని, పదకొండు మందిమి కట్టినం అని సరిదిద్దుకున్నాడు. కాపలాదారుకు ఒకడైనా పదకొండు మందైనా ఒకటే. ఫొటో మాత్రం వద్దన్నాడు.

ఇక మిగిలింది మహబూబాబాద్. అక్కడివాళ్ళు మానుకోట అంటారు, ఎల్లేశ్ కూడా అంతే. అక్కడ మార్కెట్ వీధిలో రామచందర్ అనే వ్యాపారి ఉన్నాడు. పప్పులు, నూనెలు హోల్‌సేల్. ఆయనకు కట్టిన మూడంతస్తుల ఇల్లు ఎల్లేశ్ చేసిన ఇళ్ళలోకెల్లా మంచి పని. చిక్కేమిటంటే, ఆ ఇంటాయన ఎల్లేశ్‌తో మాట్లాడి ఆరేళ్ళయింది.

జరిగింది ఇది. మొదటి కప్పు పోసే రోజు. పొద్దున ఏడూ నలభైకి ముహూర్తం. పంతులు వచ్చాడు, బంధువులు వచ్చారు, నలభై మంది కూలీలు వరుసకట్టారు, కాంక్రీటు కలిపే మిల్లర్ తిరగడం మొదలైంది. వెనక గాడిపొయ్యి మీద పులిహోర కలుపుతున్నారు. ఎల్లేశ్ చివరిసారి చూద్దామని పైకెక్కాడు. ముందుకు పొడుచుకొచ్చే బాల్కనీ దగ్గర కూర్చుని చూస్తే, పైన ఉండాల్సిన సలాకలు కిందికి దిగి ఉన్నాయి. వాటి కింద ఎత్తుకు పెట్టాల్సిన ఇనుప కుర్చీలు ముఠావాళ్ళు పెట్టడం మరిచారు. అంతకు ముందురోజు చూడాల్సింది తనే, చూడలేదు. ఇంకెవరూ గమనించలేదు. ఐదు నిమిషాలు ఊరుకుంటే దాని మీద సిమెంటు పడిపోయేది.

ఎల్లేశ్ కిందికి దిగి, రామచందర్ ముందు నిలబడి, తప్పు జరిగింది, తప్పు మాదే, ఇయ్యాల పొయ్యొద్దు అన్నాడు. ముహూర్తం వేళ అంతకు మించిన అపశకునపు మాట లేదు. రామచందర్ మొహం మాడిపోయింది. బంధువుల ముందు పరువు పోయిందనుకున్నాడు. ఎట్లాగూ వంట అయింది కాబట్టి అందరూ తిని పోయారు. మిల్లర్ వాడు ఊరికే తిరిగిన మిల్లర్ కడుక్కుని పోయాడు. రెండు రోజుల తర్వాత, అంత గొప్పది కాని ముహూర్తంలో కప్పు పోశారు. రామచందర్ మిగతా పనంతా ఎల్లేశ్‌తోనే చేయించుకున్నాడు గానీ, చెప్పాల్సిందేదైనా గోడకు చెప్పేవాడు. ఎల్లేశ్ గోడ పక్కన నిలబడి వినేవాడు.

కాబట్టి ఆ రోజు ఎల్లేశ్ బండి మీద ఆ దుకాణం ముందు నుంచి ఒకసారి పోయాడు. వీధి చివర తిరిగి మళ్ళీ పోయాడు. మూడోసారి వస్తుంటే దుకాణంలో కూర్చున్న రామచందర్ భార్య వనమాల గుర్తుపట్టి పిలిచింది. లోపల కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించింది. సంగతి విని, లోపల లెక్కలు చూసుకుంటున్న మొగుడి వైపు తిరిగి, రాసియ్యండి అన్నది. రామచందర్ నూనె డబ్బాల వైపు చూస్తూ, నేను రాస్తే ఉన్నదే రాస్త అన్నాడు. ఉన్నదే రాయమనండి అని ఎల్లేశ్ కూడా డబ్బాలకే చెప్పాడు.

ఆయన చెబుతుంటే వనమాల దుకాణం లెటర్‌హెడ్ మీద గుండ్రటి అక్షరాలతో రాసింది. మడిచి కవర్లో పెట్టి ఇచ్చింది. ఎల్లేశ్ తొర్రూరు బస్టాండ్ దగ్గర చాయ్ కోసం ఆగి తెరిచి చదివాడు. ఈ ఎల్లేశ్ అనే మేస్త్రీ మా ఇంటి కప్పు ముహూర్తం చెడగొట్టినాడు అని మొదలైంది. బంధువుల సంఖ్య, పులిహోర తూకం కూడా ఉన్నాయి. తన పనిలో తప్పు తనే చెప్పి అందరినీ నిలబెట్టినాడు, నాకు ఇప్పటికీ బాధగా ఉంది అని ఉంది. చివర్న, బాల్కనీ బాగున్నది, నా భార్య రోజూ అక్కడే కూర్చుంటుంది అని ఉంది. కింద సంతకం.

చాయ్ చల్లారిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో పంచాయతీ జరిగింది. అరుణ్ ఆ కాగితం చూసి తల పట్టుకున్నాడు. ఇది సర్టిఫికెట్ కాదు, పోలీస్ స్టేషన్లో ఇచ్చే ఫిర్యాదు అన్నాడు. చింపేయమన్నాడు. విద్యుత్ అలంకరణ కాగితమైనా నయం, అందులో తిట్లు లేవు. ఎల్లేశ్‌కూ కాస్త అలాగే అనిపించింది. కనకలక్ష్మి కాగితం తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"ఇందుల అబద్ధం ఏమన్న ఉన్నదా?" అని మొగుణ్ణి అడిగింది.

"లేదు."

"మరి పెట్టు."

అరుణ్ ఇంకేదో అనబోయాడు. ఆమె మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో చర్చ ముగిసిందని చెప్పే పద్ధతి అది. ఎల్లేశ్ కాగితాన్ని ఫైలులో అన్నిటికన్నా అడుగున పెట్టాడు.

ఇంటర్వ్యూ సంగతి ముఠాకు ఎట్లా చెప్పాలన్నది ఇంకో బాధ. చెప్పకుండా పోవడం దొంగతనంలా ఉంది. శుక్రవారం అన్నాల వేళ అందరూ చెట్టు నీడన డబ్బాలు విప్పాక, ఎదురుగా నిలబడి గొంతు సవరించుకున్నాడు. అతను నోరు తెరవకముందే సాంసన్ అనే అతను ఒకసారి దగ్గాడు. పక్కనున్న రాజయ్య దగ్గాడు. తర్వాత మంగమ్మ, తర్వాత అందరూ వరసగా. అరుణ్ పుణ్యాన జనగామలో చాయ్ హోటళ్ళన్నిటికీ ఆ వార్త అప్పటికే చేరిందట. నువ్వు పోతే మాకు గీ దగ్గుడు బాధ తప్పుతదన్నా అన్నాడు సాంసన్. మంగమ్మ మాత్రం నవ్వలేదు. పోయినంక మమ్ముల మరువకు తమ్మీ అని, తన డబ్బాలోంచి పచ్చడి తీసి అతని కంచంలో వేసింది.

పద్నాలుగో తారీఖు పొద్దున్నే బస్సెక్కాడు. ఇస్త్రీ చొక్కా, కనకలక్ష్మి కొలత సరిచేసిన ప్యాంటు, అరుణ్ బూట్లు. బూట్లు ఒక సైజు చిన్నవి. హనుమకొండలో బస్సు మారి, పరకాల దాటేసరికి కాళ్ళు తన కాళ్ళలా లేవు. దారి పొడుగునా అరుణ్ రాసిచ్చిన కాగితం చదువుకుంటూనే ఉన్నాడు. అదృష్టం కొద్దీ కంపెనీ గేటు దగ్గర లోపలికి పోయే ప్రతివాళ్ళూ హెల్మెట్, రక్షణ బూట్లు వేసుకోవాలన్నారు. అరుణ్ బూట్లు విప్పి అక్కడి అరలో పెట్టినప్పుడు ఎల్లేశ్ మొహంలో వచ్చిన వెలుగు చూసి, ఉద్యోగం వచ్చిందా అని సెక్యూరిటీ మనిషి అడిగాడు.

ఇంటర్వ్యూ ఇనుప డబ్బా లాంటి ఒక గదిలో, ఏసీ చలిలో. ఇద్దరు కూర్చున్నారు. ఒకాయన నిజంగానే గోదావరి జిల్లాల పెద్దమనిషి, మెత్తటి గొంతు. ఇంకొకామె తేజస్విని, ముప్పై ఏళ్ళ ఇంజనీరు, నాణ్యత చూసేది ఆమె. పెద్దాయన, మీ గురించి కాస్త చెప్పండి అన్నాడు. ఎల్లేశ్ నిటారుగా కూర్చుని, బస్సులో వల్లెవేసిందంతా కూడగట్టుకుని, "నా పేరు ఎల్లేశ్ గారు" అన్నాడు.

తేజస్విని నవ్వు ఆపుకుని, మీకు ఎట్లా వస్తే అట్లానే మాట్లాడండి, మాకు అర్థమవుతుంది అన్నది.

ఆ మాటతో అరుణ్ నేర్పిన చదువంతా ఒక్కసారిగా ఎగిరిపోయింది. పోయాక కొంత హాయిగా కూడా అనిపించింది. ఆమె ఒక నక్షా ముందు పరిచి, ఈ బీములో ఎక్కడ ఏ సలాక వస్తుందో చెప్పమన్నది. అది అతనికి ఇష్టమైన చదువు. వేలు పెట్టి చూపిస్తూ చెప్పుకుపోయాడు. ఒకచోట ఆగి, ఈ మూల దగ్గర సలాకలు మరీ దగ్గరదగ్గరగున్నయ్, కాంక్రీటు లోపలికి దిగది అన్నాడు. ఆమె ఆ మూలను తన పెన్సిలుతో గుండ్రంగా చుట్టుకుంది.

చేసిన పనుల గురించి అడిగారు. కట్టినం, పోసినం, ఎత్తినం అని మొదలుపెట్టాడు. పెద్దాయన ఆపి, మేము మేము అంటున్నారు, ఎవరండీ ఆ మేము అన్నాడు. అరుణ్ చెప్పింది నిజమేనని, పని చెడిందని ఎల్లేశ్ అనుకున్నాడు. కానీ అడిగారు కాబట్టి చెప్పాలి. రాజయ్యకు షుగరుంది, అన్నం తినకముందు కటింగ్ మిషన్ దగ్గర నిలబెట్టకూడదు. మంగమ్మ తీగ చుడితే ముడి ఊడదు, అందుకని పిల్లర్ల మొదళ్ళు ఆమెకే ఇస్తాం. సాంసన్‌కు ఎత్తంటే భయం లేదు, అదే నా భయం. బెల్టు పెట్టుకున్నాడా లేదా అని గంటకోసారి చూడాలి. ఇట్లా పదకొండు మందినీ చెప్పేసరికి పావుగంట పట్టింది. ఎల్లేశ్ అంతసేపు ఏకబిగిన మాట్లాడటం అతని పెళ్ళినాడు కూడా ఎవరూ చూడలేదు. పెద్దాయన రాసుకోవడం మానేసి వింటున్నాడు.

బలహీనత అడిగారు. ఎల్లేశ్ ఆలోచించాడు.

"మంచిగ జేసినోన్ని మంచిగ జేసినవని అనరాదు సార్ నాకు. తప్పు జేస్తె మాత్రం వెంటనే కనవడ్తది. మా ఇంటామె గూడ గదే అంటది" అన్నాడు.

తర్వాత తేజస్విని ఫైలు తిరగేసింది. విద్యుత్ అలంకరణ కాగితం దగ్గర కనుబొమలు ఎత్తి, అడుగున ఉన్న దాని దగ్గర ఆగింది. మొత్తం చదివింది. పెద్దాయనకు ఇచ్చింది. ఆయన పులిహోర తూకం దగ్గర ఒకసారి కళ్ళజోడు సవరించుకున్నాడు.

ఆ రోజు మీరు కాక ఇంకెవరైనా చూశారా అని ఆమె అడిగింది. లేదన్నాడు. ఊరుకుంటే ఏమయ్యేదని అడిగింది. కొన్నేళ్ళు ఏమీ కాకపోవచ్చు, తర్వాత మీద నలుగురు నిలబడినప్పుడు కావచ్చు అన్నాడు. మరి రేపు ఇక్కడ కాంక్రీటు లారీలు వరసగా నిలబడి ఉంటే, పోసేయమని నేనే చెబితే?

ఎల్లేశ్‌కు దీనికి అరుణ్ ఏ జవాబూ రాసివ్వలేదు.

"మీరు పెద్దోళ్ళు మేడం, మీ మాట వింట. కని సలాక తప్పుంటే నేనైతే కప్పు దిగ. నన్ను దాటి పొయ్యాలె మీరు."

అన్నాక తనే కంగారు పడ్డాడు. ఉద్యోగం అడగడానికి వచ్చి, ఉద్యోగం ఇచ్చేవాళ్ళతో పేచీ పెట్టుకున్నట్టయింది. ఫోన్ చేస్తామని చెప్పి పంపించారు. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి ఈసారి ఏమీ అడగలేదు.

ఫోన్ తొమ్మిది రోజులు రాలేదు. అరుణ్ రోజుకొక విశ్లేషణ తెచ్చేవాడు. మూడు రోజుల్లో రాకపోతే ఆలోచిస్తున్నట్టు, ఐదు రోజులైతే వేరేవాణ్ణి తీసుకున్నట్టు, ఏడు రోజులైతే ఆ వేరేవాడు రానన్నట్టు. ఎల్లేశ్ ఏమీ పట్టనట్టు పనికి పోయివస్తూనే ఉన్నాడు. కానీ ఇరవై ఆరేళ్ళుగా పని దగ్గర ఫోన్‌ను సంచిలో పెట్టే మనిషి, ఆ తొమ్మిది రోజులూ చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఒకరోజు అది మోగితే, సలాక వదిలేసి పరిగెత్తాడు. ఎవరో లోను కావాలా అని అడిగారు. వద్దని చాలా మర్యాదగా చెప్పాడు, ఎందుకైనా మంచిదని చివర్న సార్ కూడా అన్నాడు.

పదో రోజు మధ్యాహ్నం తేజస్వినే చేసింది. మూడు నెలలు పరీక్ష మీద రెండో బ్లాకుకు లీడ్‌గా తీసుకుంటున్నామని, ముఠాలో ఆరుగురి వరకు తనతో తెచ్చుకోవచ్చని చెప్పింది. ఎల్లేశ్ సరే మేడం, సరే మేడం అని వింటూ, పెట్టేశాక కప్పు మీదే కూర్చుండిపోయాడు. ఆరుగురు అంటే ఐదుగురు మిగిలిపోతారు. ఆ లెక్క రెండు రోజులు అతన్ని తిననివ్వలేదు. చివరికి సాంసనే తేల్చాడు. తాను జనగామలోనే ఉంటాననీ, మిగిలినవాళ్ళను పెట్టుకుని చిన్నచిన్న ఇళ్ళ పనులు చూసుకుంటాననీ, నలుగురినీ పరేషాన్ చేయకుండా మంగమ్మక్కనూ రాజయ్యనూ ముందు తీసుకుపొమ్మనీ చెప్పాడు. బెల్టు పెట్టుకుంటానని ఒట్టు కూడా వేశాడు. ఎల్లేశ్ నమ్మలేదు, కానీ తన దగ్గరున్న కొత్త బెల్టు అతనికిచ్చి వచ్చాడు.

వార్త విన్న అరుణ్ ఇరవైలో రెండు నెగ్గినట్టు ఊరంతా చెప్పుకున్నాడు. ఇంటర్వ్యూ చేసింది బావే అయినా శిక్షణ తనదే కదా. ఎల్లేశ్ గారు సంగతి మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు. కనకలక్ష్మికి ఇంటర్వ్యూ అయిన రాత్రే తెలిసిపోయింది. మొగుడికి ఇచ్చిన మాట మీద నిలబడి తమ్ముడికి చెప్పలేదు గానీ, వారం రోజులపాటు మొగుణ్ణి అన్నానికి పిలిచినప్పుడల్లా గారు తగిలించి పిలిచింది.

జూలై మొదటి తారీఖున చేరాడు. చేరాక గానీ అసలు సంగతి తెలియలేదు. అక్కడ రోజూ పని మొదలయ్యే ముందు లీడ్ తన మనుషులందరినీ నిలబెట్టి, జాగ్రత్తల గురించి పది నిమిషాలు మాట్లాడాలట. అది రూలు. ఎదురుగా నలభై మూడు మంది. సగం మంది ఒడిశావాళ్ళు, బిహార్‌వాళ్ళు. ఎల్లేశ్ హెల్మెట్ పట్టీ బిగించుకున్నాడు, వదులు చేసుకున్నాడు, మళ్ళీ బిగించుకున్నాడు. బెల్టు పెట్టుకునే ఎక్కాలని వచ్చీరాని హిందీలో, బెల్ట్ లగాకే చడ్నా అన్నాడు. సలాక మొనలు చూసి నడవాలని, సలాక కా ముక్కు దేఖ్‌కే చల్నా అన్నాడు. ఆకలైతే, కండ్లు తిరిగితే చెప్పాలని తెలుగులోనే అన్నాడు. ముందువరసలో నిలబడ్డ మంగమ్మ వెనక్కి తిరిగి, చేతులతో సైగలు చేస్తూ దాన్ని వాళ్ళకు విప్పి చెప్పింది. ఇంకేమన్నా ఉందా అని ఆలోచించి, అంతే, పోదాం పాండ్రి అన్నాడు.

పక్కన నిలబడి చూస్తున్న తేజస్విని గడియారం చూసుకుంది. ఒకటిన్నర నిమిషం. రేపు ఇంకో నిమిషం పెంచుదాం మేస్త్రీ అన్నది.

మర్నాడు రెండున్నర నిమిషాలు మాట్లాడాడు. నెల తిరిగేసరికి నాలుగు నిమిషాలకు వచ్చి అక్కడ ఆగాడు, అంతకు మించి ఆమె కూడా అడగలేదు. రెండో బ్లాకు మొదటి కప్పు ఆగస్టు పన్నెండున, వాన కాస్త తెరిపిచ్చినప్పుడు పోశారు. పోసేముందు ఎల్లేశ్ అంచు వెంబడి వంగి ఒక్కో సలాకనూ తట్టుకుంటూ చుట్టూ తిరిగొచ్చి, కింద నిలబడ్డ లారీలకు చెయ్యూపాడు.